ఎముకకూ ధమనికీ మధ్య కిడ్నీ

దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఉన్నవారి ఇంట్లో క్రియాటినిన్ అంకె అందరికీ నోటికి వచ్చే ఉంటుంది. పొటాషియం ఎందుకు ప్రమాదమో, హిమోగ్లోబిన్ ఎంత ఉండాలో కూడా కొద్ది నెలల్లోనే తెలిసిపోతుంది. అదే రిపోర్టులో ఇంకాస్త కిందికి వెళ్తే కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, పీటీహెచ్ అని కొన్ని వరుసలు ఉంటాయి. వాటి మీద చూపు నిలిపేవారు తక్కువ. మా అన్నయ్యకు డయాలసిస్ మొదలయ్యాక ఆయన రిపోర్టులను ఫైలులో పెట్టి, పాతవాటితో సరిచూసే పని నా మీద పడింది. నాకు వైద్యవిద్య లేదు. ఆ కింది వరుసలు ఏం చెబుతున్నాయో తెలుసుకోవాలన్న పట్టుదలతో చదువుతూ, నెఫ్రాలజిస్టుగారిని అడుగుతూ వచ్చాను. అలా తెలిసినదాన్ని ఒకచోట రాసిపెట్టడమే ఈ టపా ఉద్దేశం. మందుల మోతాదుల గురించి ఇందులో సలహాలేమీ ఉండవు. అవి ఎవరికి ఎంతో వారి వైద్యులు నిర్ణయించవలసినవి.

ఎముకలు బలహీనపడటం ఒక జబ్బు, రక్తనాళాలు గట్టిపడటం మరొక జబ్బు అని మనం విడివిడిగా అనుకుంటాం. ఒకదానికి ఎముకల డాక్టరు, మరొకదానికి గుండె డాక్టరు ఉండనే ఉన్నారు. కిడ్నీ వ్యాధిలో ఈ విభజన నిలవదు. పూర్వం వైద్యులు కూడా ప్రధానంగా ఎముకల వైపు నుంచే చూసి, దీన్ని 'రీనల్ ఆస్టియోడిస్ట్రోఫీ' అనేవారు. 2005లో కేడిగో అనే అంతర్జాతీయ సంస్థ మాడ్రిడ్‌లో జరిపిన సమావేశంలో నిపుణులు ఆ మాటను ఎముక బయాప్సీలో కనిపించే మార్పులకే పరిమితం చేశారు. రక్తంలో ఖనిజాలూ హార్మోన్లూ గతి తప్పడం, ఎముక దెబ్బతినడం, రక్తనాళాల్లోనూ ఇతర మెత్తని కణజాలాల్లోనూ కాల్షియం పేరుకోవడం అనే మూడింటినీ కలిపి ఒకే వ్యాధిగా చూడాలని ప్రతిపాదించారు. సీకేడీ-ఎంబీడీ అని ఇప్పుడు వైద్యులు పొడి అక్షరాల్లో చెప్పేది దీన్నే. ఎముక కోసం ఇచ్చిన మాత్ర ధమనికి చేటు చేయవచ్చు, ధమనిని కాపాడబోయి ఎముకను నిద్రపుచ్చవచ్చు కాబట్టి, ఈ మూడింటినీ ఒకేసారి చూడకుండా చేసే వైద్యం ఏదైనా సగం వైద్యమేనని నా అభిప్రాయం.

శరీరంలోని కాల్షియంలో 99 శాతం, ఫాస్ఫరస్‌లో సుమారు 85 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటాయి. రక్తంలో తిరిగేది చాలా కొద్ది భాగం. ఆ కొద్ది భాగాన్ని ఇరుకైన హద్దుల్లో నిలిపి ఉంచడానికి పేగు, ఎముక, కిడ్నీ, పారాథైరాయిడ్ గ్రంథులు కలిసి పనిచేస్తాయి. ఇందులో కిడ్నీ బాధ్యత రెండు విధాలుగా ఉంటుంది. ఆహారం ద్వారా వచ్చి మిగిలిపోయిన ఫాస్ఫరస్‌ను మూత్రంలో పంపేయడం మొదటిది. విటమిన్ డిని కాల్సిట్రియాల్ అనే చురుకైన రూపానికి మార్చడం రెండోది. పేగు కాల్షియంను బాగా పీల్చుకోవాలంటే ఆ రూపం తప్పనిసరి.

కిడ్నీలోని వడపోత గొట్టాలు ఒక్కొక్కటిగా పని మానేస్తున్నప్పుడు, మిగిలినవి ఒక్కొక్కటీ ఎక్కువ ఫాస్ఫరస్‌ను బయటికి నెట్టవలసి వస్తుంది. వాటిని అందుకు ప్రేరేపించే హార్మోను ఎముకలోంచే పుడుతుంది. దాని పేరు ఎఫ్‌జీఎఫ్-23. 2000లో దీన్ని గుర్తించేదాకా, ఎముక కూడా హార్మోను తయారుచేసి కిడ్నీకి ఆజ్ఞలు పంపుతుందన్న సంగతి స్పష్టంగా తెలియదు. ఈ హార్మోను కిడ్నీ మీద పనిచేయాలంటే క్లోతో అనే మరొక ప్రొటీన్ సాయం కావాలి. 1997లో జపాన్ శాస్త్రవేత్త మకోతో కురోఓ బృందం క్లోతో జన్యువు పనిచేయని ఎలుకల గురించి ప్రకటించింది. అవి తొందరగా ముసలివైపోయాయి. వాటి ధమనుల్లో కాల్షియం పేరుకుంది, ఎముకలు పలచబడ్డాయి, ఆయుష్షు బాగా తగ్గిపోయింది. డయాలసిస్ రోగుల శరీరంలో ఏళ్ల తరబడి జరిగేదానికీ దీనికీ ఉన్న పోలిక కాకతాళీయం కాదు. క్లోతో ప్రధానంగా తయారయ్యేది కిడ్నీలోనే. కిడ్నీ చెడేకొద్దీ అదీ తగ్గుతుంది. క్లోతో తగ్గితే ఎఫ్‌జీఎఫ్-23 మాట కిడ్నీ సరిగా వినదు, అప్పుడు ఎముక ఆ హార్మోనును మరింత ఎక్కువగా విడుదల చేస్తుంది.

ఎఫ్‌జీఎఫ్-23 ఫాస్ఫరస్‌ను బయటికి పంపడంతో ఆగదు. కిడ్నీలో కాల్సిట్రియాల్ తయారీని కూడా అణచివేస్తుంది. దాంతో పేగు కాల్షియంను తక్కువగా పీల్చుకుంటుంది, రక్తంలో కాల్షియం తగ్గే ధోరణి మొదలవుతుంది. మెడలో థైరాయిడ్ వెనుక సాధారణంగా నాలుగు ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు ఆ తగ్గుదలను పసిగట్టి, పారాథైరాయిడ్ హార్మోనును, అంటే రిపోర్టులోని పీటీహెచ్‌ను, ఎక్కువగా వదులుతాయి. అది ఎముకను కరిగించి కాల్షియంను రక్తంలోకి తెస్తుంది, మిగిలిన కిడ్నీ చేత ఫాస్ఫరస్‌ను మరికొంత వదిలిస్తుంది. ఇంతటితో రక్తంలోని అంకెలు మళ్లీ సరిగ్గానే కనిపిస్తాయి.

ఈ వ్యాధి గురించి చదివినదాంట్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం ఇదే. వడపోత సామర్థ్యం నిమిషానికి 60 మిల్లీలీటర్ల కంటే తగ్గే దశలోనే పీటీహెచ్ పెరగడం మొదలవుతుంది. ఎఫ్‌జీఎఫ్-23 అంతకన్నా ముందే పెరుగుతుంది. రక్తంలో ఫాస్ఫరస్ మాత్రం చాలామందిలో ఆ సామర్థ్యం 30 కంటే దిగువకు పడిపోయేదాకా మామూలుగానే ఉంటుంది. అంటే రిపోర్టులో ఫాస్ఫరస్ ఎదురుగా 'నార్మల్' అని ఉన్న ఏళ్లన్నిటా శరీరం ఆ నార్మల్‌ను నిలబెట్టడానికి ఎముకనుంచి మూల్యం చెల్లిస్తూనే ఉందన్నమాట. అమెరికన్ నెఫ్రాలజిస్టు నీల్ బ్రికర్ 1972లోనే ఈ సంగతిని ఒక సిద్ధాంతంగా ప్రతిపాదించారు: కిడ్నీ దెబ్బతిన్నప్పుడు శరీరం ఒక సమతౌల్యాన్ని కాపాడుకోవడానికి మరొక చోట నష్టాన్ని ఒప్పుకుంటుందని, వ్యాధి లక్షణాల్లో కొన్ని ఆ సర్దుబాటు ఫలితాలేనని. ఎఫ్‌జీఎఫ్-23 సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. అయినా ఆయన వేసిన గీత చాలావరకు సరైన దిక్కుగానే సాగింది. 2011లో వెలువడిన పరిశోధనల్లో ఎఫ్‌జీఎఫ్-23 ఎలుకల్లో గుండె కండరాన్ని నేరుగా మందంగా మార్చగలదని కూడా తేలింది. రక్షణకు వచ్చిన హార్మోనే చివరికి గుండె మీద పడుతోంది.

ఇక ఎముక సంగతి. పీటీహెచ్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఎముకను తినే కణాలు, కట్టే కణాలు రెండూ ఉరుకులు పరుగుల మీద పనిచేస్తాయి. కట్టడంలో పొందిక ఉండదు. కొన్నిచోట్ల ఎముక స్థానంలో పీచు కణజాలం వస్తుంది. చేతివేళ్ల ఎక్స్‌రేలో మధ్య కణుపుల అంచులు కొరికేసినట్టు కనిపించడం దీని పాత గుర్తు. నొప్పి ఎప్పుడూ ఉండాలని లేదు, అదే ఇందులోని మోసం. తొడ, భుజం కండరాల్లో నీరసం, కుర్చీలోంచి లేవడం కష్టం కావడం, ఎంత గోకినా తగ్గని దురద, ఏ పెద్ద దెబ్బా లేకుండానే తుంటి ఎముక విరగడం, కొందరిలో మోకాలి పైన ఉండే స్నాయువు ఉన్నట్టుండి తెగిపోవడం వంటివి ఇందులో భాగమేనని చాలామందికి తెలియదు. పిల్లల్లోనైతే ఎదుగుదల ఆగిపోతుంది, కాళ్లు వంకర తిరుగుతాయి.

పీటీహెచ్ ఎక్కువైతే చెడు కాబట్టి ఎంత తగ్గిస్తే అంత మంచిదని అనిపిస్తుంది. అది నిజం కాదు. పీటీహెచ్‌ను మందులతో మరీ అణచివేస్తే ఎముకలో తినే పనీ కట్టే పనీ రెండూ ఆగిపోతాయి. దీన్ని 'అడైనమిక్' ఎముక అంటారు. మధుమేహం ఉన్నవారిలో, వయసు పైబడినవారిలో, కాల్షియం మాత్రలు, చురుకైన విటమిన్ డి ఎక్కువగా పడినవారిలో ఇది తరచుగా కనిపిస్తుంది. పాత ఎముకలోని సన్నని పగుళ్లు పూడవు, కాబట్టి ఇదీ విరుగుతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఇలాంటి ఎముక రక్తంలోని అదనపు కాల్షియంను తనలోకి తీసుకోలేదు. తిన్న కాల్షియంకు మూత్రంలో దారి లేదు, ఎముకలో చోటు లేదు. అది వెతుక్కునే మూడో చోటు ధమని గోడ. ఎముక మరీ వేగంగా కరిగినా, మరీ మందగించినా, రెండు సందర్భాల్లోనూ భారం రక్తనాళం మీదే పడుతుంది.

అందుకే డయాలసిస్ రోగుల్లో పీటీహెచ్‌ను ఆరోగ్యవంతుల హద్దుల్లోకి తేవాలని ఎవరూ ప్రయత్నించరు. కేడిగో మార్గదర్శకాలు ఆ ల్యాబ్ గరిష్ఠ హద్దుకు 2 నుంచి 9 రెట్ల మధ్య ఉంచమని సూచిస్తాయి. గరిష్ఠ హద్దు 65 అయితే సుమారు 130 నుంచి 585 వరకు అన్నమాట. ఇది ఇంత వెడల్పుగా ఉండటం చూసి మొదట నాకు ఆశ్చర్యం వేసింది. పీటీహెచ్ పరీక్షలు ఒక్కో కంపెనీ కిట్‌కు ఒక్కో రకంగా వస్తాయని, ఒక్క అంకె కన్నా కొన్ని నెలల వరస ముఖ్యమని నెఫ్రాలజిస్టుగారు చెప్పాక సబబుగానే తోచింది. ల్యాబ్ మార్చితే పోలిక చెడిపోతుంది కాబట్టి, వీలైనంతవరకు అదే ల్యాబ్‌లో చేయించడం మంచిది. పీటీహెచ్‌తోపాటు, ఎముకలోనూ లివర్‌లోనూ తయారయ్యే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ కూడా పెరుగుతూ ఉంటే, లివర్ బాగున్న పక్షంలో, ఎముక పరుగు మీద ఉందనడానికి అది మంచి ఆధారం. ఎముక లోపల ఏం జరుగుతోందో కచ్చితంగా చెప్పగలిగేది బయాప్సీ ఒక్కటే. దానికి ముందు రెండు విడతలుగా టెట్రాసైక్లిన్ మందు ఇస్తారు. అది కొత్తగా కట్టిన ఎముకలో గీతల్లా నిలిచి, ఆ రెండు గీతల మధ్య దూరాన్ని బట్టి కట్టే వేగం తెలుస్తుంది. కటి ఎముకలోంచి ముక్క తీయాలి, దాన్ని చదవగల నిపుణులు ఉండాలి కాబట్టి ఇది అరుదుగానే జరుగుతుంది. ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ విరిగే ముప్పును కొంతవరకు చెబుతుంది గాని, ఎముక ఏ రకంగా చెడిందో చెప్పదు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. 1970లలో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో డయాలసిస్ రోగుల ఎముకలు మెత్తబడి వరుసగా విరిగిపోవడం గమనించారు. కారణం డయాలసిస్‌కు వాడిన నీళ్లలోని అల్యూమినియం. ఒక్కో డయాలసిస్‌లో వంద లీటర్లకు పైగా ద్రవం పలచని పొర అవతలినుంచి రక్తాన్ని ఒరుసుకుంటూ పోతుంది కాబట్టి, తాగే నీళ్లలో లెక్కలోకి రానంత మలినం కూడా అక్కడ విషమవుతుంది. డయాలసిస్ కేంద్రాల్లో కనిపించే ఆ పెద్ద నీటిశుద్ధి యంత్రాలకు ఇలాంటి అనుభవాలే పునాది. ఫాస్ఫరస్‌ను పట్టి ఉంచడానికి అప్పట్లో విరివిగా వాడిన అల్యూమినియం మందులను కూడా ఈ కారణంగానే దీర్ఘకాలం వాడటం మానేశారు.

రక్తనాళాల దగ్గరికి వస్తే, ధమనుల్లో రెండు రకాల పేరుకోవడం ఉంటుంది. లోపలి పొరలో కొవ్వుతోపాటు పేరుకుని దారిని ఇరుకు చేసేది అందరికీ తెలిసినది. కిడ్నీ వ్యాధిలో దానితోపాటు మధ్య పొరలో, అంటే కండర కణాలు ఉండే పొరలో, కాల్షియం ఫాస్ఫేట్ దిగబడుతుంది. 1903లో జర్మన్ వైద్యుడు మోంకెబర్గ్ వర్ణించిన మార్పు ఇది. దారి ఇరుకు కాదు, గోడ బిగుసుకుపోతుంది. దీన్ని చాలాకాలం గొట్టంలో ఉప్పు పేరుకోవడం వంటి జడమైన ప్రక్రియ అనుకున్నారు. నిజానికి ఫాస్ఫరస్ ఎక్కువగా ఉన్న రక్తంలో ధమని కండర కణాలు తమ స్వభావాన్ని మార్చుకుని, ఎముకను కట్టే కణాల్లా ప్రవర్తించడం మొదలుపెడతాయి. ఎముకలో పనిచేసే రన్‌ఎక్స్-2 వంటి జన్యువులే వాటిలోనూ మేల్కొంటాయి. ఒకవైపు అసలు ఎముక శిథిలమవుతుంటే, మరోవైపు ధమని గోడ ఎముక అవడానికి సిద్ధపడుతుంది.

మన రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్ కలిసి గడ్డకట్టకుండా ఆపే కాపలాదారులు కూడా ఉన్నాయి. ఫెటుయిన్-ఏ అనే ప్రొటీన్ లివర్‌లో తయారై, ఆ ఖనిజాల సూక్ష్మ కణికలను చుట్టి కరిగిన స్థితిలోనే ఉంచుతుంది. దీర్ఘకాలం వాపు, ఇన్‌ఫెక్షన్ ఉన్న శరీరంలో అది తగ్గిపోతుంది. ధమని గోడలోనే ఉండే మరో ప్రొటీన్, మ్యాట్రిక్స్ గ్లా ప్రొటీన్, పనిచేయాలంటే విటమిన్ కె కావాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ విటమిన్ కె పనిని అడ్డుకుంటుంది కాబట్టి, అది ఈ కాపలాదారును కూడా నిరాయుధం చేస్తుంది. అంతమాత్రాన వార్ఫరిన్‌ను సొంతంగా మానేయడం ప్రాణాంతకం కావచ్చు. కిడ్నీ రోగికి దాన్ని రాసేముందు వైద్యులు ఇంకో లెక్క కూడా వేయవలసి ఉంటుందని చెప్పడమే నా ఉద్దేశం.

బిగుసుకున్న ధమని వల్ల జరిగే నష్టం అడ్డుపడటం కన్నా భిన్నమైనది. గుండె కొట్టినప్పుడు సాగి, తరువాత మెల్లగా ముడుచుకుని రక్తాన్ని ముందుకు తోయవలసిన బృహద్ధమని సాగడం మానేస్తే, పై రక్తపోటు పెరుగుతుంది, కింది రక్తపోటు తగ్గుతుంది. పై పోటు పెరిగినందువల్ల గుండె కండరం మందమవుతుంది. గుండెకు రక్తం అందేది ఎక్కువగా అది విశ్రమించే క్షణాల్లో, కింది పోటు బలం మీద. ఆ పోటు తగ్గినందువల్ల మందమైన కండరానికే రక్తం చాలదు. డయాలసిస్ రోగుల మరణాల్లో గుండె సంబంధమైనవి ఇంత ఎక్కువగా ఉండటానికి ఇది ఒక ముఖ్య కారణం. ఇది వృద్ధులకు పరిమితమైన సమస్య కాదని 2000లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం చూపింది. డయాలసిస్‌లో ఉన్న యువతకు గుండె ధమనుల స్కాన్ తీయగా, 20 ఏళ్ల లోపు 23 మందిలో ఒక్కరికీ కాల్షియం కనిపించలేదు; 20 నుంచి 30 ఏళ్ల మధ్య ఉన్న 16 మందిలో 14 మందికి కనిపించింది. ఈ ఒక్క అధ్యయనం చదివాకే ఫాస్ఫరస్ విషయంలో నా ఉదాసీనత పోయింది.

బిగుసుకున్న నాళాలు మరికొన్ని చిక్కులు తెస్తాయి. డయాలసిస్ సూదుల కోసం చేతిలో ధమనినీ సిరనూ కలిపే ఫిస్టులా వేయడానికి చేతి ధమని అనువుగా ఉండకపోవచ్చు. కిడ్నీ మార్పిడిలో కొత్త కిడ్నీని కలపవలసిన పొత్తికడుపు ధమనిలో కుట్టు వేయడానికి మెత్తని చోటు దొరకకపోవచ్చు. కాళ్లలో రక్తప్రసరణను అంచనా వేయడానికి చీలమండ దగ్గర తీసే రక్తపోటు, ధమని నొక్కుకుపోనందువల్ల, తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. ప్రసరణ బాగుందనుకుని మోసపోయే అవకాశం ఉంది. ఇంకా అరుదైనది, భయంకరమైనది కాల్సిఫైలాక్సిస్. చర్మం కింది సన్నని ధమనులు మూసుకుపోయి, పొట్ట, తొడల వంటి చోట్ల ముందుగా భరించలేని నొప్పితో గట్టి మచ్చలు, తరువాత నల్లబడే పుండ్లు వస్తాయి. ఆ పుండ్లకు ఇన్‌ఫెక్షన్ సోకి మరణించేవారు ఎక్కువ. డయాలసిస్ రోగికి చర్మం మీద అకారణంగా తీవ్రమైన నొప్పితో మచ్చ వస్తే తరువాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు.

చికిత్సలో మొదటిది ఫాస్ఫరస్ లెక్క. తగినంత ప్రొటీన్ తినే మనిషికి రోజుకు సుమారు 1000 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ అందుతుంది. అందులో 60 శాతం ఒంటికి పట్టినా వారానికి నాలుగు వేల మిల్లీగ్రాములు దాటుతుంది. నాలుగు గంటల డయాలసిస్ ఒక్కోసారికి సుమారు 800 నుంచి 1000 మిల్లీగ్రాములు తీస్తుంది, అంటే వారానికి మూడుసార్లు చేయించుకున్నా మూడు వేలకు మించదు. ఎంత క్రమంగా డయాలసిస్‌కు వెళ్లినా ఫాస్ఫరస్ ఎందుకు తగ్గదన్న ప్రశ్నకు జవాబు ఈ కూడికలోనే ఉంది. కణాల్లోంచి ఫాస్ఫరస్ రక్తంలోకి నెమ్మదిగా వస్తుంది కాబట్టి యంత్రం వేగం పెంచడం కన్నా గంటలు పెంచడం ఎక్కువ మేలు చేస్తుంది. రాత్రంతా చేసే డయాలసిస్‌లో కొందరికి బైండర్లు, అంటే ఆహారంలోని ఫాస్ఫరస్‌ను పట్టి ఉంచే మందులు, అక్కరలేకుండా పోవడానికి కారణం ఇదే.

ఆహారంలో తగ్గించడానికి ముందుగా చూడవలసింది ప్యాకెట్ల వైపు. నిల్వ కోసం, రుచి కోసం కలిపే ఫాస్ఫేట్ లవణాలు దాదాపు పూర్తిగా ఒంటికి పడతాయి. గింజల్లో, పప్పుల్లో ఫైటేట్ రూపంలో ఉండేది సగం కూడా పట్టకపోవచ్చు. మొత్తం ఫాస్ఫరస్ పట్టికలు చూసి పప్పులన్నీ మానేసి ప్రొటీన్ లోపం తెచ్చుకోవడం నాకు సరైన పనిగా తోచదు. బైండర్ల విషయంలో చాలామంది చేసే పొరపాటు వాటిని భోజనం తరువాత ఎప్పుడో వేసుకోవడం. అవి రక్తంలోకి వెళ్లి పనిచేసే మందులు కావు. పేగులో ఆహారంతో కలిసి, దానిలోని ఫాస్ఫరస్‌ను పట్టుకుని మలంలో పోతాయి. ముద్దతో కలవని బైండర్ వ్యర్థమే.

కాల్షియం కార్బొనేట్, కాల్షియం అసిటేట్ పాత బైండర్లు. సెవెలమర్, లాంథనం, ఇనుముతో చేసినవి తరువాత వచ్చినవి. కాల్షియంతో చేసినవాటిని పరిమితంగా వాడమని 2017 నాటి కేడిగో సవరణ సూచించింది, దాని వెనుక తర్కం పైన చెప్పినదే. అయితే 2021లో ప్రచురితమైన జపాన్ వారి ల్యాండ్‌మార్క్ ట్రయల్‌లో లాంథనం, కాల్షియం కార్బొనేట్ తీసుకున్న రెండు వర్గాల మధ్య గుండె జబ్బుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అసలు ఫాస్ఫరస్‌ను తగ్గిస్తే ఆయుష్షు పెరుగుతుందని ప్లేసిబోతో, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్రతో, పోల్చి నిరూపించిన పెద్ద ట్రయల్ ఏదీ లేదు. పీటీహెచ్‌ను తగ్గించే సినకాల్సెట్‌ను 3883 మంది డయాలసిస్ రోగులపై పరీక్షించిన ఇవాల్వ్ ట్రయల్ కూడా 2012లో ప్రధాన లక్ష్యాన్ని చేరలేకపోయింది. అంకె తగ్గడం వేరు, మనిషి బాగుపడటం వేరు. ఇంత చదివాక కూడా నేను అన్నయ్యకు బైండర్ గుర్తుచేస్తూనే ఉంటాను, ఎందుకంటే ఫాస్ఫరస్ బాగా ఎక్కువగా ఉన్నవారు త్వరగా మరణిస్తున్నారన్నది అధ్యయనం తరువాత అధ్యయనంలో కనిపించిన సత్యం. మాత్రల సంఖ్య విపరీతంగా పెంచి ఒక దశాంశం తగ్గించుకోవాలనే పట్టుదల మాత్రం వదిలేశాను.

మందులకు లొంగని పీటీహెచ్‌కు శస్త్రచికిత్స ఉంది. గ్రంథులను తీసేశాక పీటీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది, ఆకలిగొన్న ఎముక రక్తంలోని కాల్షియంను వేగంగా లాగేసుకుంటుంది. పెదాల చుట్టూ తిమ్మిరి, చేతులు కొంకర్లు పోవడం దాని సూచనలు. అందుకే ఆపరేషన్ తరువాత రోజుల తరబడి కాల్షియంను పదేపదే పరీక్షిస్తారు. కిడ్నీ మార్పిడి జరిగినా ఈ కథ వెంటనే ముగియదు. ఏళ్లుగా పెరిగిన గ్రంథులు అలవాటు మానవు. కొత్త కిడ్నీ బాగా పనిచేస్తున్నందువల్ల ఫాస్ఫరస్ ఇప్పుడు మరీ తగ్గిపోవచ్చు, కాల్షియం పెరగవచ్చు, స్టెరాయిడ్లు ఎముకను ఇంకో వైపునుంచి పలచబరుస్తాయి. అప్పటికే ధమనుల్లో దిగిన కాల్షియం సాధారణంగా వెనక్కి రాదు.

చివరగా వేరే వైద్యుల దగ్గరికి వెళ్లినప్పటి జాగ్రత్త. ఎముకలు బలహీనంగా ఉన్నాయని స్కాన్ చూసి రాసే డెనోసుమాబ్ ఇంజెక్షన్, మామూలు మనుషులకు మంచి మందే అయినా, బాగా ముదిరిన కిడ్నీ వ్యాధిలో, ముఖ్యంగా డయాలసిస్‌లో ఉన్నవారిలో, కాల్షియంను ప్రాణాపాయ స్థాయికి పడేయగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 జనవరిలో తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను జోడించింది. బిస్ఫాస్ఫొనేట్ మాత్రలు కిడ్నీ ద్వారానే బయటికి పోవాలి కాబట్టి, వడపోత బాగా తగ్గినవారిలో వాటినీ ఆచితూచి వాడతారు. అడైనమిక్ ఎముక ఉన్నవారిలో అవి ఉన్న కాస్త కదలికను కూడా ఆపేస్తాయేమోనన్న భయం ఉంది. ఎసిడిటీకి వేసుకునే కొన్ని మందుల్లో ఇప్పటికీ అల్యూమినియం ఉంటుంది. అందుకని అన్నయ్య ఏ కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఫైలులో పైన పెట్టే కాగితం మీద క్రియాటినిన్‌కు బదులు ఆఖరి పీటీహెచ్, ఫాస్ఫరస్, కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అంకెలను తేదీలతో రాసి ఉంచుతున్నాను, ఎముకలకు సంబంధించిన ఏ మందైనా నెఫ్రాలజిస్టుగారు చూశాకే మొదలుపెడుతున్నాం.